మూడు గుర్రబ్బళ్ళ సంతకాలు

1848 ఏప్రిల్ 10న లండన్‌లో తీసిన ఫొటో ఒకటుంది. థేమ్స్ నదికి దక్షిణాన కెన్నింగ్టన్ కామన్ అనే మైదానం. వేలమంది జనం. దాదాపు అందరూ మనకి వీపు చూపిస్తూ నిలబడ్డారు. నల్లకోట్లు, టోపీలు, మధ్యమధ్య జెండాలు, వెనకాల ఒక ఫ్యాక్టరీ గొట్టం. విలియమ్ కిల్బర్న్ అనే ఆయన డాగెరోటైప్ పద్ధతిలో తీశాడు. జనసమూహాన్ని పట్టుకున్న తొలి ఫొటోల్లో ఇదొకటని చెప్తారు. ఆ రోజుకి ముందే విక్టోరియా రాణిని కుటుంబంతో సహా లండన్ దాటించి వైట్ ద్వీపానికి చేర్చారు. ఈ జనానికి భయపడే. తమాషా ఏమిటంటే, ఆ ఫొటో ఇప్పుడున్నది బ్రిటిష్ రాజకుటుంబపు సేకరణలోనే.

ఇంతకీ ఆ జనం వెంట తెచ్చింది తుపాకులు కాదు. ఒక పిటిషన్. మన పాత మాటలో చెప్పాలంటే మహజరు. నలుగురూ కలిసి సంతకాలు పెట్టి పైవాళ్ళకి పంపుకునే అర్జీ. దాన్ని ఊరేగింపుగా పార్లమెంటుకి తీసుకెళ్ళాలని వాళ్ళ ఆలోచన. ప్రభుత్వం కుదరదంది. వంతెనల దగ్గర పోలీసుల్ని నిలబెట్టింది. నగర రక్షణ భారం నెపోలియన్‌ని ఓడించిన వెల్లింగ్టన్ మీద పెట్టింది. వేలాదిమంది మామూలు మనుషుల్ని ప్రత్యేక కానిస్టేబుళ్ళుగా చేర్చుకుంది. అప్పటికి నెలన్నర కిందటే పారిస్‌లో విప్లవం వచ్చి రాజు పారిపోయాడు కాబట్టి, ఆ భయం మరీ గాల్లోంచి పుట్టిందేమీ కాదు. చివరికి నాయకుడు ఫియర్గస్ ఓకానర్ ఊరేగింపు విరమించమని జనాన్ని ఒప్పించాడు. పిటిషన్ని మూడు అద్దె గుర్రబ్బళ్ళలో వేసి పార్లమెంటుకి పంపించారు. జనం ఇళ్ళకి పోయారు.

మూడు రోజుల తర్వాత దిగువ సభ కమిటీ ఒక నివేదిక ఇచ్చింది. ఓకానర్ 57 లక్షల సంతకాలన్నాడు, మేం లెక్కపెడితే తేలింది 19,75,496. అయిదు టన్నుల బరువన్నాడు, తూస్తే మూడు క్వింటాళ్ళు కూడా లేదు. పైగా ఎన్నోచోట్ల ఒకే చేతిరాత. విక్టోరియా పేరుంది, సాక్షాత్తూ వెల్లింగ్టన్ పేరుంది, చప్పిడిముక్కు లాంటి వెక్కిరింత పేర్లున్నాయి. సభ పగలబడి నవ్వింది. పత్రికలు ఇంకా నవ్వాయి. పదేళ్ళ ఉద్యమం నవ్వులపాలైపోయిందని చాలా పుస్తకాలు ఆ పేజీతోనే అధ్యాయం ముగించేస్తాయి.

నాకు ఆసక్తి ఆ నవ్వు దగ్గరే మొదలైంది. నవ్విన పెద్దమనుషుల్లో చాలామందికి ఓటుంది. సంతకం పెట్టినవాళ్ళలో చాలామందికి లేదు.

*

కొంచెం వెనక్కి వెళ్దాం. 1832లో ఇంగ్లండులో ఎన్నికల సంస్కరణ చట్టం వచ్చింది. అంతకు ముందు పరిస్థితి ఎలా ఉండేదంటే, ఓల్డ్ సారమ్ అనే చోట మనుషులు కాపురముండటం మానేసి ఎంతకాలమో అయినా, అక్కడ్నించి ఇద్దరు సభ్యులు పార్లమెంటుకి వచ్చేవాళ్ళు. 1832 చట్టం అలాంటివాటిని తీసేసింది. కానీ ఓటు ఆస్తికే ఇచ్చింది. సంస్కరణ కావాలని వీధుల్లోకొచ్చి అరిచిన కార్మికులకి ఏమీ దక్కలేదు. మధ్యతరగతిని లోపలికి రానిచ్చి తలుపు మళ్ళీ వేసేశారు.

ఓటున్నవాడికైనా అది పూర్తిగా అతని చేతిలో లేదు. ఓటు బహిరంగంగా వెయ్యాలి. వేదిక ఎక్కి, ఎవరికి వేస్తున్నాడో అందరికీ వినబడేలా చెప్పాలి. ఎవరు ఎవరికి వేశారో పేర్లతో సహా పుస్తకాలు అచ్చేసి అమ్మేవాళ్ళు. భూస్వామి ఆ పుస్తకం తిరగేసి చూసుకుంటే చాలు, ఏ కౌలుదారుని వెళ్ళగొట్టాలో తెలిసిపోతుంది. షాపువాడు ఎవరికి వేశాడో చూసి ఖాతాదారులు బేరం మానేసేవాళ్ళు.

ఈ నేపథ్యంలో 1838 మే నెలలో ‘ప్రజల చార్టర్’ అచ్చయింది. రాసినవాళ్ళలో ముఖ్యుడు విలియమ్ లోవెట్, చెక్కపని చేసుకునే మనిషి. కోరికలు ఆరు. ఇరవై ఒక్కేళ్ళు నిండిన ప్రతి మగవాడికీ ఓటు. రహస్య బ్యాలెట్. అభ్యర్థికి ఆస్తి ఉండాలన్న నిబంధన రద్దు. సభ్యులకి జీతం. సమానమైన నియోజకవర్గాలు. ఏటేటా ఎన్నికలు.

ఈ జాబితాని జాగ్రత్తగా చూస్తే ఒక తర్కం కనబడుతుంది. ఓటిచ్చి రహస్యం ఇవ్వకపోతే ఆ ఓటు యజమానిదే. రహస్యం ఇచ్చినా, ఆస్తి ఉన్నవాడే నిలబడాలంటే ఎన్నుకోవడానికి మనవాడంటూ ఎవడూ ఉండడు. నిలబడనిచ్చినా, జీతం లేకపోతే కూలివాడు సభలో కూర్చుని ఏం తింటాడు? ఒక్కొక్క కోరికా ముందుదాని కన్నాన్ని పూడ్చేదే. ఆఖరిదైన ఏటేటా ఎన్నికలకి వాళ్ళు చెప్పిన కారణం నాకు మరీ ఇష్టం. ఏడేళ్ళకోసారి ఎన్నికైతే డబ్బున్నవాడు నియోజకవర్గాన్ని ఒకసారి కొనేసుకోగలడు, ప్రతి ఏడూ కొనాల్సివస్తే ఏ సంచీ చాలదు అని. ఎన్నికల ముందురోజు రాత్రి ఓటుకింత అని పంచే ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళం, మనకి ఈ లెక్క విడమరిచి చెప్పక్కర్లేదు.

మరి ఈ కోరికల్ని పిటిషన్‌గానే ఎందుకు పంపారు? ఓటు లేనివాడికి చట్టం ఒప్పుకున్న దారి అదొక్కటే గనక. రాజుకి అర్జీ పెట్టుకునే హక్కు 1689 హక్కుల చట్టంలోనే ఉంది. అర్జీ పెట్టినందుకు జైల్లో వెయ్యకూడదు. అయిదొందలమంది ఒకచోట గుమిగూడితే రాజద్రోహం అనొచ్చు గానీ, పిటిషన్ మీద సంతకాలకని గుమిగూడితే అనడం కష్టం. ఆడవాళ్ళకైతే ఇంకో దారే లేదు. చార్టర్ వాళ్ళకి ఓటు అడగలేదు, అయినా వాళ్ళు సంతకాలు పెట్టారు. 1848 కమిటీయే ప్రతి లక్ష సంతకాల్లో 8,200 ఆడవాళ్ళవని రాసింది. ఎగతాళి చెయ్యడానికే రాసిందనుకోండి, మనకి మాత్రం అది సాక్ష్యంగా మిగిలింది.

*

మొదటి పిటిషన్ 1839లో వెళ్ళింది. 12 లక్షల 80 వేల పైచిలుకు సంతకాలు. జులై 12న దాన్ని చర్చకి తీసుకోవాలా వద్దా అని ఓటింగు పెడితే 235 మంది వద్దన్నారు, 46 మంది సరేనన్నారు. ఆ నవంబరులో వేల్స్‌లోని న్యూపోర్ట్‌లో గనికార్మికులు తిరగబడ్డారు. సైనికుల కాల్పుల్లో ఇరవైమందికి పైగా చనిపోయారు. నాయకుడు జాన్ ఫ్రాస్ట్‌కి మరణశిక్ష వేసి, తర్వాత దాన్ని ద్వీపాంతరవాసంగా మార్చారు.

రెండోది 1842లో. ఈసారి 33,17,752 సంతకాలు. అంటించిన కాగితాల పొడుగు ఆరుమైళ్ళంటారు. మే 2న మోసుకొచ్చేసరికి సభ తలుపు పట్టలేదు. ద్వారబంధం ఊడదీసినా లాభం లేక చివరికి ముక్కలు చేసి లోపలికి తీసుకెళ్ళారు. ఇందులో వాళ్ళు పోల్చి చూపించిన అంకెలున్నాయి. రాణీగారి సొంత ఖర్చుకి రోజుకి 164 పౌండ్లు పైచిలుకు, వేలాది కూలి కుటుంబాల్లో మనిషికి రోజుకి నాలుగు పెన్నీలు కూడా లేవు. నాలుగువేలమంది లేని గిల్డ్‌ఫర్డ్ ఎంతమందిని సభకి పంపుతుందో, మూడులక్షలమందున్న టవర్ హామ్లెట్స్ కూడా అంతమందినే పంపుతుంది. దేశంలో రెండు కోట్ల అరవై లక్షలమంది ఉంటే ఓటున్నది తొమ్మిది లక్షల పైచిలుకు మందికే. ఈ ఆఖరి అంకెని ఆ పిటిషన్ పక్కనే పెట్టి చూడండి. దేశంలో ఓటర్ల కంటే అర్జీదారులు మూడు రెట్లకు మించి ఉన్నారు.

దానికి జవాబు చెప్పడానికి లేచినవాళ్ళలో ఒకాయన మనకి బాగా తెలుసు. థామస్ మెకాలే. 1835లో మన చదువుల గురించి మినిట్ రాసిన మెకాలేయే. రహస్య బ్యాలెట్ లాంటి కొన్ని కోరికలతో తనకి పేచీ లేదన్నాడు. కానీ అందరికీ ఓటు అన్నది మాత్రం కుదరదన్నాడు. నాగరికత ఆస్తి భద్రత మీద నిలబడుతుంది, ఆస్తి లేనివాళ్ళ చేతికి అధికారమిస్తే ఆస్తి మిగలదు, కాబట్టి నాగరికతా మిగలదు. ఇదీ ఆయన వాదన. మనకి ఇంగ్లీషు చదువులు పెట్టిన మనిషిగా ఆయన్ని పొగిడేవాళ్ళూ తిట్టేవాళ్ళూ బోలెడంతమంది. ఆయన ఇంగ్లీషువాళ్ళ గురించి కూడా అలాగే ఆలోచించాడన్నది ఎవరూ పెద్దగా చెప్పరు. కాఫీహోటల్ సర్వరైనా మాంచెస్టర్ నేతపనివాడైనా, తన బాగు తాను తేల్చుకోగల మనిషని ఆయనకి అనిపించలేదు. 287 మంది ఆయనవైపు, 49 మంది అటువైపు.

*

అదే కాలంలో మద్రాసులోనూ సంతకాలు నడుస్తున్నాయి. లండన్ సభ మొదటి చార్టర్ పిటిషన్ని తోసిపుచ్చిన 1839లోనే, నవంబరులో, మద్రాసు గవర్నరు ఎల్ఫిన్‌స్టన్‌కి ఉన్నత విద్య కావాలని ఒక అర్జీ అందింది. సంతకాలు 70,000. విశ్వవిద్యాలయం వచ్చింది 1857లో. ఒక అర్జీకి పద్దెనిమిదేళ్ళు.

ఇంకో అర్జీ కథ మన తెలుగువాళ్ళకి మరీ దగ్గరిది. గాజుల లక్ష్మీనరసు శెట్టి మద్రాసు వ్యాపారి. 1806లో పుట్టాడు. 1844లో ‘క్రెసెంట్’ అనే ఇంగ్లీషు పత్రిక పెట్టాడు. 1852లో మద్రాసు నేటివ్ అసోసియేషన్ పెట్టి, ఆ ఏడే బ్రిటిష్ పార్లమెంటుకి పెద్ద పిటిషన్ పంపించాడు. కంపెనీ ప్రభుత్వం శిస్తులతో రైతుల్ని పీల్చేస్తోంది, చేతివృత్తుల మీద మొతర్ఫా పన్ను వేస్తోంది, కోర్టులు ఖరీదూ ఆలస్యమూ, రోడ్లు లేవు, కాలవలు లేవు, బడులు లేవు. ఇవీ ఫిర్యాదులు. కంపెనీ పట్టా గడువు ముగుస్తున్న సమయం చూసి పంపించాడు. జవాబుగా పార్లమెంటు ఏం చేసింది? 1853లో కంపెనీ పాలనని కొనసాగించింది.

ఇక్కడితో ఆగితే ఇది కూడా ఓడిపోయిన అర్జీల జాబితాలో చేరేది. కానీ ఆ పిటిషన్ పుణ్యమా అని డాన్బీ సీమూర్ అనే పార్లమెంటు సభ్యుడు 1853లో మద్రాసు వచ్చాడు. లక్ష్మీనరసు శెట్టి ఆయన్ని వెంటబెట్టుకుని జిల్లాలు తిప్పాడు. శిస్తు వసూలుకి రైతుల్ని ఏం చేస్తున్నారో చూపించాడు. కిట్టి అంటే రెండు కర్రల మధ్య వేళ్ళు పెట్టి నొక్కడం. మెడనీ కాళ్ళనీ కలిపి కట్టి, వంచి, ఎండలో ఉంచడం ఇంకోటి. సీమూర్ లండన్ వెళ్ళి సభలో మాట్లాడాడు. 1854లో మద్రాసులో చిత్రహింసల విచారణ సంఘం ఏర్పడింది. దాదాపు రెండువేల ఫిర్యాదులు అందాయి. వందల మైళ్ళు నడిచి వచ్చి చెప్పుకున్నవాళ్ళున్నారు. 1855 నివేదిక హింస నిజమేనని ఒప్పుకుంది. తప్పు మాత్రం కింది దేశీ ఉద్యోగుల మీద తోసి, తెల్లదొరల్ని ఒడ్డుకి చేర్చింది. అయినా ఆ నివేదిక ఫలితంగా, శిస్తు వసూలు చేసేవాడే పోలీసు కూడా అయ్యే పద్ధతి మారింది. 1859లో మద్రాసుకి విడిగా పోలీసు చట్టం వచ్చింది. లండన్‌లో ప్రవాసంలో ఉన్న కార్ల్ మార్క్స్ ఆ నివేదికల్ని ముందేసుకుని 1857 సెప్టెంబరులో న్యూయార్క్ డెయిలీ ట్రిబ్యూన్‌లో ఒక వ్యాసమే రాశాడు.

నాకిందులో ముఖ్యమనిపించేది ఇది. పిటిషన్ అడిగినదాన్ని పార్లమెంటు ఇవ్వలేదు. కానీ పిటిషన్ అందుకున్న తర్వాత, మాకు తెలీదు అని అనడానికి వీల్లేకుండా పోయింది. జవాబుదారీ అనే పెద్దమాటకి నాకు తెలిసిన అతిచిన్న రూపం అదే. అవతలివాడి చేతిలో కాగితం పెట్టి, నీకు తెలుసు అని రుజువు మిగుల్చుకోవడం.

*

ఇప్పుడు దొంగ సంతకాల సంగతి. మన దగ్గర ఆకాశరామన్న అర్జీలని ఒకటుంది. పేరు లేకుండానో, లేని పేరుతోనో పైఅధికారికి రాసే ఉత్తరం. అలాంటివాటికి విలువివ్వరు గానీ, అవి ఎందుకు పుడతాయో అందరికీ తెలుసు. పేరు రాస్తే ఏమవుతుందో తెలిసినవాడే ఆకాశరామన్న అవుతాడు. ఎవరికి ఓటేశావో పుస్తకంలో అచ్చువేసే దేశంలో, యజమానికి నచ్చని కాగితం మీద అసలు పేరు పెట్టడం ఎంత పని? పైగా రాయడం రానివాళ్ళు అనేకులు. వాళ్ళ తరఫున పక్కవాడు రాసిపెడితే ఒకే చేతిరాత అవుతుంది. చప్పిడిముక్కు సంతకాల్లో కొన్ని కొంటెవాళ్ళవి, కొన్ని కావాలని పిటిషన్ని పాడుచేసినవాళ్ళవి కూడా అయ్యుండొచ్చు. ఓకానర్ అంకె పెంచి చెప్పాడన్నది నిజమే, అందులో అతన్ని వెనకేసుకురాను.

కానీ లెక్కపెట్టినవాళ్ళ లెక్క మాటేమిటి? 13 మంది గుమాస్తాలు 17 గంటల పైగా కూర్చుని లెక్కపెట్టామని కమిటీ నివేదికలోనే ఉంది. 19,75,496ని ఆ గంటలకీ ఆ గుమాస్తాలకీ పంచి చూడండి. ఒక్కొక్కడు సెకనుకి రెండున్నర సంతకాల చొప్పున, రెప్ప వెయ్యకుండా, టీ తాగకుండా చూస్తేగానీ తెమలదు. అందులోనే ఏది దొంగదో ఏది ఆడమనిషిదో కూడా తేల్చాలి. ఇది అయ్యేపనేనా? ఓకానర్ అంకె మీద నవ్విన సభలో ఈ అంకెని ఎవరూ గుణించి చూసినట్టు లేదు. ఇంకో మాట. కమిటీ చెప్పిన అంకెనే ఒప్పుకున్నా, అవి దాదాపు ఇరవై లక్షలు. ఓటర్ల కంటే అప్పటికీ ఎక్కువే.

ఆ రోజు ఊరేగింపు మానొద్దని పట్టుబట్టినవాళ్ళలో విలియమ్ కఫే అనే దర్జీ ఉన్నాడు. అతని తండ్రి కరీబియన్ దీవుల్లో బానిసగా బతికినవాడు. ఆ ఏడే కఫేని పట్టుకుని, తర్వాత టాస్మేనియాకి పంపేశారు. 1856లో క్షమాభిక్ష వచ్చినా తిరిగి రాలేదు. అక్కడే బట్టలు కుట్టుకుంటూ, అక్కడి కార్మికుల హక్కుల కోసం సభల్లో మాట్లాడుతూ ఉండిపోయి, 1870లో అనాథాశ్రమంలో పోయాడు. సరిగ్గా రెండేళ్ళకి బ్రిటన్‌లో రహస్య బ్యాలెట్ చట్టమైంది.

మిగతావీ వరసగా వచ్చాయి. ఆస్తి నిబంధన 1858లో పోయింది. సభ్యుల జీతం 1911లో వచ్చింది. మగవాళ్ళందరికీ ఓటు 1918లో. ఆరింట్లో అయిదు. ఏవీ పిటిషన్ చూసి జాలిపడి ఇచ్చినవి కావు. ఆలస్యంగా, వేరేవాళ్ళ పేరు మీద, వేరే కారణాలు చెప్పి ఇచ్చారు.

*

మనకి ఈ అయిదూ ఒకేసారి వచ్చాయి. 1951–52 ఎన్నికల్లో ఇరవై ఒక్కేళ్ళు నిండిన 17 కోట్లమందికి పైగా ఓటర్లు, ఆడవాళ్ళతో సహా. మెకాలే బతికుంటే ఏమనేవాడో. కానీ అక్కడా పేరు దగ్గరే చిక్కొచ్చింది. ఓటర్ల జాబితా రాసేవాళ్ళు వెళ్తే, సొంతపేరు చెప్పకుండా ఫలానావాడి భార్యననీ, ఫలానావాడి కూతుర్ననీ చెప్పిన ఆడవాళ్ళు లక్షల్లో ఉన్నారు. అలాంటివి 28 లక్షల దాకా జాబితా నుంచి తీసేయాల్సి వచ్చింది. అప్పటి ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ ఈ విషయంలో గట్టిగా నిలబడ్డాడు. ఓటు మనిషిది, సంబంధానిది కాదు. నిజమే. కానీ ఆ ఎన్నికల్లో ఆ 28 లక్షలమందీ ఓటెయ్యలేదు.

జాబితాలో పేరుండటమనేది డెబ్భై ఏళ్ళ తర్వాతా తేలిక వ్యవహారం కాలేదు. 2018 డిసెంబరులో తెలంగాణ ఎన్నికల రోజు, పోలింగు కేంద్రం దాకా వెళ్ళి తమ పేరు లేదని తెలుసుకున్నవాళ్ళు ఎంతోమంది. రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి బహిరంగంగా క్షమాపణ చెప్పారు.

అలాగే అర్జీ పనిచేసిన సందర్భాలూ ఉన్నాయి. అభ్యర్థుల మీదున్న క్రిమినల్ కేసులు, ఆస్తులు, అప్పులు, చదువు ప్రజలకి తెలియాలని 1999లో కొందరు ప్రొఫెసర్లు ఢిల్లీ హైకోర్టుకెక్కారు. వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. తీర్పు 2002 మే 2న వచ్చింది. చార్టర్ రెండో పిటిషన్ సభ తలుపులో ఇరుక్కున్న రోజుకి సరిగ్గా 160 ఏళ్ళు. తీర్పుని నీరుగార్చడానికి పార్టీలన్నీ చెట్టపట్టాలేసుకుని చట్టం మార్చాయి. 2003లో కోర్టు ఆ మార్పునీ కొట్టేసింది. ఇవాళ నామినేషన్ల వేళ ఏ అభ్యర్థికి ఎన్ని కోట్లో, ఎన్ని కేసులో పేపర్లో చదువుతున్నామంటే ఆ అర్జీ వల్లే. చదివాక కూడా వాళ్ళకే వేస్తున్నాం గదా అంటారా? వెయ్యొచ్చు. కానీ తెలీక వేశామని మాత్రం ఇక మనమూ అనలేం. జవాబుదారీ రెండువైపులా కోసే కత్తి.

ఇప్పుడు సంతకమంటే ఒక క్లిక్కు. 2019లో బ్రెగ్జిట్ రద్దు చెయ్యమని బ్రిటిష్ పార్లమెంటు వెబ్‌సైట్లో 61 లక్షలమంది సంతకం చేశారు. ఓకానర్ గొప్పగా చెప్పుకున్న అంకె కంటే ఎక్కువ. ప్రభుత్వం కుదరదంది. ఈసారి ఎవరికీ రాణిని ఊరు దాటించే అవసరం రాలేదు. ఈ తేడా గురించి నేను చాలా ఆలోచించాను. 1842లో ఒక్కొక్క సంతకం వెనకాల ఎవరో ఒకరు తలుపు తట్టి, కూర్చుని, చార్టర్ చదివి వినిపించి, వాదించిన సాయంత్రం ఒకటుంది. పార్లమెంటుని భయపెట్టింది కాగితం పొడుగు కాదు, అన్ని సాయంత్రాలు. క్లిక్కుని తక్కువ చెయ్యడం లేదు. దాని వెనక సాయంత్రం ఉందా లేదా అన్నదే నా సందేహం.

చార్టర్ ఆరో కోరిక, ఏటేటా ఎన్నికలు, తీరలేదు. తీరడం ఆచరణలో కష్టం కూడా. కానీ అది లేవనెత్తిన ప్రశ్న అలాగే ఉంది. ఒక ఎన్నికకీ ఇంకో ఎన్నికకీ మధ్య అయిదేళ్ళూ మన చేతిలో ఏముంటుంది? సోమవారం పొద్దున్న ఏ కలెక్టరేటుకైనా వెళ్ళి చూడండి. పింఛను ఆగిపోయిన ముసలావిడ, పట్టాలో పేరు తప్పుపడిన రైతు, ఊరికి బస్సు లేదని నలుగురితో సంతకాలు పెట్టించుకొచ్చిన కుర్రాళ్ళు వరసలో నిలబడి ఉంటారు. కౌంటర్లో అర్జీ ఇచ్చాక వాళ్ళు అక్కణ్ణించి కదలరు. రసీదు మీద తేదీ, నెంబరు పడ్డాయో లేదో చూసుకుని, మడిచి జేబులో పెట్టుకున్నాకే కదుల్తారు.